వావిళ్ల ప్రచురణ సంస్థ వారి పాత పుస్తకంలో సంవత్సరం ‘ప్లవ’ అని మాత్రమే ఉంటే అది ఏ ఏటి ముద్రణ?

అచ్చయిన ధర అణాల్లో ఉంటే 1901-02, నయాపైసల్లో ఉంటే 1961-62. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి పేరొక్కటే చాలదు. అణాల బదులు దశాంశ నాణేలు (నయాపైసలు) వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఉదాహరణకు ‘రూ. 1-8-0’ అంటే రూపాయి ఎనిమిదణాలు, పాత ముద్రణే. పక్కనే రబ్బరు స్టాంపుతో ‘రూ. 1.50’ అని ఉన్నా కంగారు పడక్కర్లేదు, అది మిగిలిపోయిన ప్రతులకు తర్వాత కొట్టిన ధర. సంస్థ పుట్టిన 1854నే ముద్రణ సంవత్సరం అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పాతదైతే చాలు, విలువైనదే అనుకోవడం అంతకన్నా పెద్దది: మలిముద్రణైనా, ముఖపత్రం లేకపోయినా, పురుగు అక్షరాల దాకా తినేసినా ధర బాగా పడిపోతుంది.