పైరు వయసుని బట్టి పాఠం: శిక్షణ బాధ్యత కొత్తగా నెత్తినపడ్డ వ్యవసాయాధికారికి

అమ్మాయీ,

ఆశీస్సులు. రైతు సేవా కేంద్రాల్లోని గ్రామ వ్యవసాయ సహాయకులకీ, వాళ్ళ వెంట తిరుగుతామని ముందుకొచ్చిన ఊరి కుర్రకారుకీ ఖరీఫ్ శిక్షణ నీకప్పగించారని రాశావు. నువ్వు పంపిన కార్యక్రమం చూశాను. ఒక్క రోజులో తొమ్మిది అంశాలు, తొమ్మిదీ తెర మీద స్లైడ్లే. అందులోనూ చీడపీడలు మధ్యాహ్నం భోజనాల తర్వాత. ఆ పాఠం వినేది ఫ్యానొక్కటే.

ఒకటి ఉంచి ఎనిమిది తీసెయ్. తీసినవాటిని వదిలెయ్యమనడం లేదు. పైరుకి ఏ పని ఎప్పుడు పడుతుందో దానికి వారం పదిరోజుల ముందు ఆ ఒక్క పని నేర్పు. మట్టి నమూనా మే నెలలో, పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు. మొలక పరీక్ష, విత్తనశుద్ధి నారు పోసే ముందు. స్ప్రేయరు, వరి మొదళ్ళలో రసం పీల్చే సుడిదోమ లెక్క ఆగస్టు నెలాఖరుకి. జూన్‌లో చెప్పిన దోమ సంగతి సెప్టెంబరు దాకా ఎవరి బుర్రలోనూ ఉండదు. 1970ల్లో మన దేశానికొచ్చిన టీ అండ్ వీ (ట్రైనింగ్ అండ్ విజిట్, అంటే సిబ్బందికి శిక్షణ, రైతు దగ్గరికి రాకపోకలు) పద్ధతిని చాలామంది తిట్టారు, తిట్టదగినవీ ఉన్నాయి. కానీ పక్షానికోసారి సిబ్బందిని కూర్చోబెట్టి రాబోయే పక్షానికి పనికొచ్చేదే చెప్పాలన్న నియమం మాత్రం దొడ్డది. దాన్ని మళ్ళీ పట్టుకో.

తేదీ పెట్టేముందు రెండు చూసుకో. ఏ రైతు ఏ పంట వేశాడో ఎక్కించే ఈ-పంట నమోదు గడువు దగ్గరపడ్డ రోజులొద్దు, ఎరువుల లారీ దిగే రోజొద్దు. మనిషి నీ ముందున్నా ధ్యాస ఫోన్‌లోనే ఉంటుంది. పాతిక మందికి మించి పిలవకు. ఐదుగురేసి ఐదు జట్లు చెయ్. మీ సహాయకుల్లో కొందరు బీఎస్సీ చేసినవాళ్ళు, కొందరు రెండేళ్ళ డిప్లొమా వాళ్ళు. వదిలేస్తే ఎవరి గుంపు వాళ్ళు కడతారు. కలిపే వెయ్.

మట్టి నమూనా అందరికీ తెలిసిన పనే అనిపిస్తుంది, అందుకే ఎక్కువ చెడేది అదే. జట్టుకో పార, గంప, శుభ్రమైన పాత గుడ్డ, గుడ్డ సంచి ఇచ్చి పొలంలోకి పంపు. వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది, పది చోట్ల పైనున్న చెత్తా మోళ్ళూ పక్కకి నెట్టి, 15 సెంటీమీటర్ల లోతున ‘వి’ ఆకారంలో గుంట తియ్యాలి. గుంటలోంచి మొదట వచ్చిన మట్టి పారెయ్యాలి. కావాల్సింది గుంట గోడ నుంచి పైనించి కిందిదాకా అంగుళం మందాన చెక్కిన మట్టి. చాలామంది తవ్వి తీసిన మట్టినే గంపలో వేస్తారు, అక్కడ ఆపి చూపించు. అంతా గుడ్డ మీద పోసి కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసెయ్యాలి. అరకిలో మిగిలేదాకా ఇదే వరస. ఆరబెట్టేది నీడలో. వివరాల చీటీ పెన్సిల్‌తో రాయాలి, తడి తగిలితే పెన్ను సిరా చెరిగిపోతుంది. ఎరువుల గోతం ముక్కలో మాత్రం కట్టనివ్వకు. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట, నీళ్ళు నిలిచే పల్లంలో తియ్యకూడదు. జింకు లాంటి సూక్ష్మపోషకాలు చూడాలంటే తుప్పుపట్టిన పారా, జింకు పూత ఉన్న రేకు బకెట్టూ పనికిరావు. ప్లాస్టిక్ తట్టా, కర్రా వాడాలి.

ఇంకో మాట కూడా వాళ్ళ చేత పలికించాలి. భూసార కార్డుల పథకంలో నీటి వసతి ఉన్న తరి భూమికి 2.5 హెక్టార్లకి, వర్షాధారానికి 10 హెక్టార్లకి ఒక నమూనా లెక్క. అంటే రైతు చేతిలో ఉన్న కార్డులోని అంకెలు పక్కవాడి చేనువీ కావచ్చు. “ఇది మా పొలం మట్టేనా?” అని అడిగితే మీ సహాయకుడు తడుముకోకూడదు. సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, అవసరమైతే విడిగా నమూనా తీయించాలి.

మొలక పరీక్షకి ఎక్కువ సేపు వద్దు. తడి గోనెలో నూరు గింజలు చుట్టి పెట్టి లెక్కపెట్టడమే. వరికి 80, వేరుశనగకి 70 మొలవాలి. విత్తనశుద్ధిలో వరస ఒక్కటి గట్టిగా చెప్పు: ముందు తెగులు మందు, తర్వాత పురుగు మందు, చివర, వేరుశనగ, పప్పుజాతి పైర్లకైతే, వేళ్ళ బుడిపెల్లో నత్రజని కూడబెట్టే రైజోబియం బ్యాక్టీరియా. వరస తప్పితే ఖరీదు పెట్టి కొన్న బ్యాక్టీరియాని మన చేత్తోనే చంపుకున్నట్టు. వేరుశనగని గట్టిగా రుద్దితే పైపొర ఊడి మొలక పోతుంది. అది చేత్తో కలిపి చూస్తేనే తెలుస్తుంది.

స్ప్రేయరుకి సగం పూట కేటాయించు. సాదా నీళ్ళతోనే చేయించాలి, అదీ కడిగిన స్ప్రేయరుతో. కలుపు మందు కొట్టిన ట్యాంకు తెస్తే శిక్షణకిచ్చిన రైతు పైరు మాడుతుంది. ఐదు సెంట్లు, అంటే సుమారు 20 మీటర్లు పొడుగూ 10 మీటర్లు వెడల్పూ, తాడుతో కొలిపించు. ట్యాంకులో కచ్చితంగా 10 లీటర్లు పోసి, రోజూ కొట్టినట్టే కొట్టమను. ఎదిగిన వరికి ఎకరాకి 200 లీటర్లు కావాలంటే ఐదు సెంట్లకి పది లీటర్లూ అయిపోవాలి. నాలుగు లీటర్లు మిగిలాయనుకో, ఆ మనిషి నడకకి ఎకరాకి 120 లీటర్లే పడుతోంది. లీటరుకి 2 మి.లీ. మందైతే 400 మి.లీ. పడాల్సిన ఎకరాకి 240 మి.లీ.తో సరిపెట్టాడన్నమాట. పురుగు చావదు. రైతు మందు మంచిది కాదంటాడు, మందుల షాపాయన ఇంకోటి అంటగడతాడు, రెండూ కలిపి కొడతారు. ఈ లెక్క బోర్డు మీద నువ్వు వెయ్యకు, వాళ్ళ చేతే వేయించు. 16 లీటర్ల ట్యాంకులు ఎకరాకి పన్నెండున్నర, ట్యాంకుకి 32 మి.లీ. సీసా మూతతో కొలవడం మాన్పించి, గీతలున్న కొలగ్లాసు చేతికివ్వు. పురుగు మందుకి గుండ్రంగా చిమ్మే కోన్ నాజిల్, కలుపు మందుకి విసనకర్రలా చిమ్మే ఫ్లాట్ ఫ్యాన్. రెండూ విప్పి పక్కపక్కన పెట్టి, పొడి నేల మీద నీళ్ళు కొట్టించి ముద్ర చూపించు.

ఇక దోమ లెక్క. రైతులు చేలోనే చూసి నేర్చుకునే పొలంబడి పద్ధతి మొదలైందే ఈ సుడిదోమ మూలాన. మందులు ఎడాపెడా కొట్టి మిత్రపురుగుల్ని చంపుకుంటే దోమ రెట్టింపై వచ్చి పడింది, ఇండోనేషియా 1986లో వరి మీద 57 మందుల్ని నిషేధించింది, 1989లో అక్కడే పొలంబడులు పుట్టాయి. ఈ నాలుగు మాటలు చెప్పి పొలంలోకి దిగండి. ఎండెక్కకముందే, ఏడింటికల్లా. గట్టు మీద నిలబడి పాఠం చెప్పే అధికారిని రైతు ఎలా చూస్తాడో నీకు తెలుసు, చెప్పులు గట్టు మీదే వదులు.

జట్టు పొలానికి అడ్డంగా నడుస్తూ ఐదు చోట్ల, చోటుకి నాలుగు దుబ్బుల చొప్పున ఇరవై దుబ్బులు చూడాలి. దుబ్బుని ఒక పక్కకి వంచి మొదలు దగ్గర రెండు మూడు సార్లు తట్టి, నీళ్ళ మీద పడినవి లెక్కపెట్టాలి. కొత్తవాళ్ళు ఇక్కడే పొరపడతారు. ఆకుల మీద గెంతే పచ్చదోమనీ, దోమల్ని తినే మిరిడ్ నల్లినీ కూడా సుడిదోమలో కలిపేస్తారు. మిరిడ్ నల్లి ఆకుపచ్చగా, తల నల్లగా ఉండి చురుగ్గా పరిగెడుతుంది. సుడిదోమ గోధుమరంగులో మొదలు పట్టుకుని ఉంటుంది. రెండూ పట్టి గాజు సీసాలో వేసి భూతద్దంతో చూపించు. మిత్రపురుగులకి, సాలీళ్ళకి వేరే గడిలో లెక్క రాయించు. పిలకల దశలో దుబ్బుకి 10-15, ఈనిక దశ నుంచి 20-25 దోమలుంటే మందు ఆలోచన. అంతకు తక్కువై, మిత్రపురుగులు దండిగా ఉంటే నీళ్ళు తీసి పొలం ఆరబెట్టి, మూడు నాలుగు రోజులకి మళ్ళీ లెక్క చూడాలి. మందు తప్పనప్పుడు పైరు మధ్య దారులు (పాయలు) తీసి దుబ్బు మొదట్లో పడేట్టు కొట్టాలి. పై నుంచి కొడితే ఆకు తడుస్తుంది, దోమ కింద హాయిగా ఉంటుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లనే రకం పురుగు మందుల జోలికే పోకూడదు, దోమ ఇంకా పెరుగుతుంది.

గట్టెక్కాక ప్రతి జట్టూ చార్టు మీద పైరు బొమ్మ గీసి, ఒక పక్క శత్రువులు, ఒక పక్క మిత్రులు, అడుగున తమ నిర్ణయం రాయాలి. జట్ల నిర్ణయాలు వేరైతే మంచిదే, వాదించుకోనివ్వు. వెంటనే తీర్పు చెప్పాలని నీకు నోరు దురదపెడుతుంది, ఓర్చుకో. తేలనిది వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ ఏరువాక కేంద్రం శాస్త్రవేత్తని అడగండి.

కుర్రవాళ్ళ సంగతి. ఉత్సాహం మూడో వారానికి దిగుతుంది, అది వాళ్ళ తప్పు కాదు. ఊరంతా చూడమంటే ఎవరూ చూడరు. ఒక్కొక్కరికి ఐదుగురు రైతుల్ని పేర్లు పెట్టి అప్పగించు. పెట్రోలు ఖర్చు ఎవరిస్తారో మొదటి రోజే తేల్చు. పద్దెనిమిది నిండనివాళ్ళు మందు దరిదాపులకి రాకూడదు. పెద్దవాళ్ళైనా సరే, మందు పేరు చెప్పే అధికారం వాలంటీరుకి లేదు. లెక్క పెట్టడం, రాయడం, ఫొటో తీసి పంపడం, అంతవరకే. ఫొటో తియ్యడమూ నేర్పాలి. ఎర్రబారిన ఆకు ముక్క ఒక్కటి మసగ్గా తీసి పంపితే జింకు లోపమో, గోధుమమచ్చ తెగులో ఎవరు చెబుతారు? పొలమంతా ఒకటి, దుబ్బు మొత్తం ఒకటి, ఆకు రెండువైపులా దగ్గరగా. కింద రకం పేరు, నాటిన తేదీ, వేసిన ఎరువులు, కొట్టిన మందులు. ఇవి లేని ఫొటోకి జవాబివ్వకండి, రెండు వారాల్లో దారికొస్తారు.

ఆడవాళ్ళని మరిచిపోయావు. నారు పీకేదీ, నాటేదీ, కలుపు తీసేదీ వాళ్ళే, తేడా ముందు కనపడేదీ వాళ్ళకే. కూలి పోగొట్టుకుని పొద్దున్నే రారు. సాయంత్రం గంటసేపు, చేలోనే పెట్టు.

హాజరు పట్టీని శిక్షణ ఫలితం అనుకోకు. పొలంలోనే పది చోట్ల కర్రలు పాతి ప్రశ్న అట్టలు కట్టు. అట్ట నుంచి దారం అసలు పురుగుకో, మచ్చున్న ఆకుకో కట్టి, కింద జవాబుకొకటి చొప్పున మూడు డబ్బాలు పెట్టు. ప్రతి ఒక్కరికీ నంబరేసిన చీటీలివ్వు, సరైన డబ్బాలో వేస్తారు. ఇదే పరీక్ష ముందొకసారి, పంట చివర ఒకసారి. ఏదైనా ప్రశ్నకి రెండుసార్లూ అందరూ తప్పితే పాఠం సరిగ్గా పడలేదని, నువ్వే మళ్ళీ చెప్పాలి. శిక్షణైన పదిహేను రోజులకి చెప్పాపెట్టకుండా ఒక్కో సహాయకుడి ఊరెళ్ళి “ఈ చేలో ఇరవై దుబ్బులు చూపించు” అను. తిట్టొద్దు, పక్కన నిలబడి చూడు.

మొదటి తేదీ ఖాయం కాగానే ఐదు జట్ల సామాను జాబితా రాసి పంపు, భూతద్దాలు ఎన్ని తక్కువైతే అన్ని ఇక్కణ్ణుంచి పంపిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న