ఆపినా ఆగని ఏసీ గురించి మేనకోడలికి మావయ్య ఉత్తరం

విజయవాడ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి "మావయ్యా, ఏసీ ఆపినా ఆగడం లేదు" అన్నప్పుడు, ముందు ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఏసీకి కరెంటు తెంచే మీట) దించమని మాత్రం చెప్పి, మిగతాది వివరంగా రాసి పంపుతానన్నాను. ఇటువంటి సంగతి ఫోన్‌లో చెబితే సగం తలకెక్కదు. కాగితం మీద ఉంటే మెకానిక్ వచ్చినప్పుడు చేతిలో పెట్టుకుని ఒక్కొక్కటీ అడగవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఏసీలు విప్పి బిగించినవాడిని కాబట్టి, నేను చెప్పేది కొంచెం నిడివిగా ఉన్నా ఓపిగ్గా చదువు.

ఏసీ ఆగడం లేదని ఎవరు పిలిచినా నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఏది ఆగడం లేదు? గోడ మీది ఇండోర్ గాలి ఆగడం లేదా, బాల్కనీలోని ఔట్‌డోర్ ఆగడం లేదా, లేక రెండూ ఆగి కాసేపటికి వాటంతట అవే మళ్లీ మొదలవుతున్నాయా? ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు. వాటిలో కొన్ని అసలు జబ్బులే కావు. ఇది తేల్చుకోకుండా మెకానిక్‌ని పిలిస్తే, అతను గ్యాస్ నింపి డబ్బు తీసుకుని వెళ్లిపోయే అవకాశం చాలా ఉంది.

నువ్వు చెప్పిన గుర్తులు రెండు. రిమోట్ నొక్కగానే ఇండోర్ రెక్క మూసుకుంది, లైటు ఆరింది, కానీ బాల్కనీలో ఔట్‌డోర్ మోత ఆగలేదు. రెండోది, నువ్వు మాటల మధ్యలో అన్నావు గానీ నాకు అదే ముఖ్యంగా తోచింది: వారం రోజులుగా 26లో పెట్టినా తెల్లవారుజామున పిల్లలు వణుకుతున్నారని, రెండు దుప్పట్లు కప్పాల్సి వస్తోందని. ఈ రెండూ కలిపి చూస్తే మీ పడకగదిలోని ఆ పాత ఒకటిన్నర టన్నుల ఏసీలో రిలే అతుక్కుపోయిందనే నా అనుమానం.

రిలే అంటే ఏమిటో చెబుతాను. ఇండోర్ లోపలి బోర్డు మీద అగ్గిపెట్టెలో సగం ఉండే చిన్న డబ్బీ ఒకటి ఉంటుంది. దాని లోపల ఒక తీగచుట్ట, ఒక స్ప్రింగు, ఎదురెదురుగా రెండు చిన్న లోహపు బొట్లు ఉంటాయి. చల్లదనం కావాలని బోర్డు అనుకున్నప్పుడు ఆ చుట్టకు సాధారణంగా 12 వోల్టులు ఇస్తుంది, బొట్లు రెండూ టక్కుమని కలుసుకుంటాయి, వాటి గుండా 230 వోల్టుల కరెంటు ఔట్‌డోర్‌కి వెళ్లి, అక్కడ గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్ తిరుగుతుంది. గది చల్లబడగానే బోర్డు ఆ 12 వోల్టులు తీసేస్తుంది, స్ప్రింగు బొట్లను విడదీస్తుంది, కంప్రెసర్ ఆగుతుంది. మనం కట్ ఆఫ్ అనేది దీన్నే. ఒకటిన్నర టన్నుల మామూలు కంప్రెసర్ నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, ఆ లాగుడుకు బొట్ల మధ్య ప్రతిసారీ ఒక నిప్పురవ్వ పుడుతుంది. వోల్టేజీ సరిగా లేని రాత్రుల్లో రిలే పట్టీ పట్టనట్టు కొట్టుకుంటుంది, రవ్వలు ఎక్కువవుతాయి. అలా కొన్ని వేసవులు గడిచాక ఒకరోజు ఆ రెండు బొట్లూ వెల్డింగ్ పెట్టినట్టు కరుచుకుపోతాయి. ఆ తర్వాత రిమోట్ ఎన్నిసార్లు నొక్కినా, బోర్డు ఆగమని చెప్పినా, ఔట్‌డోర్‌కి కరెంటు పోతూనే ఉంటుంది.

ఇటువంటి రిలేలను విప్పి నేను చాలా చూశాను. ఆవగింజంత బొట్లు, మసిబారి, ఒకదాని అంచు కరిగి రెండోదాని మీదికి జారి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో డబ్బీ మీద ఒక్కటి తడితే చిన్న చప్పుడుతో విడిపోతుంది, కంప్రెసర్ ఆగుతుంది, ఇంట్లోవాళ్లు బాగైపోయిందని సంతోషిస్తారు. పని నేర్చుకున్న తొలి రోజుల్లో నేనూ ఒక ఇంట్లో అలాగే తట్టి వచ్చేశాను. మూడో రోజు రాత్రి అది మళ్లీ అతుక్కుంది. వాళ్లు రిమోట్‌తో ఆపి ఊరెళ్లారు, తిరిగి వచ్చేసరికి ఇండోర్ లోపల మంచు గడ్డకట్టి ఉంది, కంప్రెసర్ పాడైపోయింది. ఆ నష్టానికి కారణం నేనే. అందుకే నువ్వు ఈ ఉదయం "ఇప్పుడు మామూలుగానే ఆగుతోంది, ఈ రాత్రికి వేసుకోవచ్చా" అని అడిగినదానికి నా జవాబు వద్దనే. ఒకసారి అతుక్కున్న రిలే మళ్లీ అతుక్కుంటుంది, ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు.

ఔట్‌డోర్ ఒక్కటే నడిస్తే ఇంత ప్రమాదం ఎందుకంటే, ఇండోర్ ఫ్యాన్ ఆగిపోయాక కాయిల్ (లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీదికి గది గాలి రాదు. వేడి అందక కాయిల్ సున్నా డిగ్రీల కంటే కిందికి దిగి, గాలిలోని చెమ్మ దాని మీద మంచుగా పేరుకుంటుంది. లోపల ఆవిరి కావలసిన గ్యాస్ ద్రవంగానే ఉండిపోయి కంప్రెసర్‌లోకి తిరిగి వెళుతుంది. కంప్రెసర్ ఉన్నది ఆవిరిని నొక్కడానికి, ద్రవాన్ని నొక్కడానికి కాదు. దాని పక్కనే అతికించి ఉండే చిన్న సిలిండరు కొంతవరకు అడ్డుకుంటుంది గానీ, రాత్రంతా అడ్డుకోలేదు. అందువల్ల ఇండోర్ ఆగి ఔట్‌డోర్ నడుస్తున్నట్టు ఎప్పుడు వినిపించినా, ఆలోచించకుండా ఎంసీబీ దించు. స్విచ్చు బోర్డులోని స్విచ్చు కంటే ఎంసీబీ మేలు. కొన్ని ఇళ్లలో వైరింగు తప్పు వల్ల స్విచ్చు ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంచుతుంది, యంత్రం ఆగినట్టే ఉంటుంది కానీ లోపల కరెంటు ఉండనే ఉంటుంది. ఏసీకి ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే డబుల్ పోల్ ఎంసీబీ ఉందో లేదో కూడా ఈ సందర్భంలోనే చూపించుకో.

మెకానిక్ వచ్చాక ఏం చూడమనాలో చెబుతాను. పూర్తిగా కరెంటు తీసేసి, రిలే బొట్ల రెండు కాళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టమను. కరెంటు లేనప్పుడు ఆ రెండూ విడిగా ఉండాలి, మీటరు బీప్ అంటే రిలే పోయినట్టే. బీప్ రాకపోతే కరెంటు ఇచ్చి, ఏసీ రిమోట్‌తో ఆపాక కూడా రిలే చుట్టకు 12 వోల్టులు వస్తున్నాయేమో చూడాలి. వస్తుంటే తప్పు రిలేది కాదు, దాన్ని నడిపే బోర్డుది. రాకపోతే, ఇప్పటికి విడిపోయి ఉన్నా ఒకసారి అతుక్కున్నదే కాబట్టి రిలే మార్చించు. ఈ రెండు పరీక్షలకు పదిహేను నిమిషాలు పట్టదు. ఇవి చేయకుండానే బోర్డంతా మార్చాలనే మనిషిని నమ్మవద్దు. రిలే ఒక్కటీ టంకం తీసి, అదే ఆంపియర్ల కొత్తది వేయడం బాగా వచ్చే పనే. తక్కువ ఆంపియర్లది వేస్తే మాత్రం వచ్చే వేసవికే మళ్లీ ఈ ఉత్తరం తీయాల్సి వస్తుంది. ఏ కంపెనీకైనా సరిపోతుందని బజారులో అమ్మే బోర్డు తెచ్చి పెడతానంటే ఒప్పుకోకు. దానితో ఏసీ నడుస్తుంది గానీ, మంచు కట్టకుండా కాపాడే అసలు బోర్డులోని ఏర్పాట్లు కొన్నింటిలో ఉండకపోవచ్చు.

కొన్ని మోడళ్లలో రిలే కాకుండా ఔట్‌డోర్‌లో కాంటాక్టర్ (రిలే లాంటిదే, కాస్త పెద్దది) ఉంటుంది, జబ్బు అదే. అక్కడ ఇంకో శత్రువు చీమలు. లోపలికి చేరి బొట్ల మధ్య నలిగి మాడి, కదిలే భాగాన్ని బిగబట్టేస్తాయి. బల్లులు కూడా అంతే. ఆ మూత మాత్రం నువ్వు గానీ అల్లుడుగారు గానీ విప్పవద్దు. కరెంటు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో షాకు కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది.

రిలే బాగానే ఉందని తేలితే తర్వాత అనుమానించవలసింది గది సెన్సార్‌ని. ఇండోర్ ఫిల్టర్ వెనుక, కాయిల్ ముందు ప్లాస్టిక్ క్లిప్పులో నల్లటి చిన్న తల ఒకటి ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలావాటిలో 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు, కంపెనీని బట్టి వేరుగానూ ఉంటుంది. అది పాడై తక్కువ రెసిస్టెన్స్ చూపిస్తే, గది ఎంత చల్లబడినా బోర్డుకు వేడిగానే కనిపిస్తుంది, కట్ ఆఫ్ రాదు. అయితే సెన్సార్ తప్పయితే రిమోట్‌తో ఆపగానే ఔట్‌డోర్ ఆగాలి. నీది ఆగలేదు కాబట్టే నేను రిలే వైపు మొగ్గాను. దీనికి దగ్గరిదే ఇంకొకటి: కొన్ని రిమోట్లలో 'ఐ ఫీల్' లేదా 'ఫాలో మీ' అనే మీట ఉంటుంది. అది నొక్కితే ఏసీ తన సెన్సార్‌ని వదిలి రిమోట్ దగ్గరి వేడిని చూసుకుంటుంది. ఆ రిమోట్‌ని ఎండపడే కిటికీలోనో వేడెక్కిన టీవీ పక్కనో పెడితే యంత్రం పాపం ఆగకుండా నడుస్తుంది.

గది చల్లబడకుండా, కట్ ఆఫ్ కూడా కాకుండా ఉంటే అది పూర్తిగా వేరే సంగతి. అక్కడ ఫిల్టర్ మూసుకుపోవడం, ఔట్‌డోర్ కాయిల్‌కి దుమ్ము పట్టడం, గ్యాస్ కారడం చూసుకోవాలి. గ్యాస్ వాడకంతో అరిగిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం, ఆ చోటు మూయకుండా నింపితే డబ్బు గాలికి పోసినట్టే. రోహిణీ కార్తెలో, పై అంతస్తు స్లాబు కింద, 18లో పెట్టుకుని ఆగడం లేదంటే మాత్రం తప్పు యంత్రానిది కాదు. మన దగ్గర ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. బయట 44 ఉంటే అది అంత చల్లదనం ఇవ్వలేదు, 18కి చేరడం కష్టం. 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు ముందుగానే 24కి సెట్ చేసి రావాలన్న నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ విద్యుత్ పొదుపు సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది.

ఇక మీ అత్తగారి గదిలోని కొత్త ఇన్వర్టర్ ఏసీ గురించి ఆవిడ పడుతున్న భయం అక్కరలేదు. ఆపాక కొంతసేపు గాలి వదలడం దాని లోపలి తడి ఆరడానికి, పని అయ్యాక అదే ఆగుతుంది. ఔట్‌డోర్ కూడా మామూలు ఏసీలాగా మాటిమాటికి ఆగదు, వేగం తగ్గించుకుని మెల్లగా నడుస్తుంది. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మొదలయ్యిందన్నారు కదా, అది ఆటో రీస్టార్ట్, వద్దనుకుంటే చాలా మోడళ్లలో తీసేయవచ్చు. రిమోట్‌కి ఒక్కోసారి పలకకపోతే ముందు బ్యాటరీలు మార్చి, ట్యూబ్‌లైట్ ఆపి చూడండి. కొన్ని చోక్‌లతో వెలిగే ట్యూబ్‌లైట్ వెలుగు రిమోట్ సంకేతాన్ని చెడగొడుతుంది. రిమోట్ తెర మీద ఆఫ్ అని కనిపించినంత మాత్రాన ఏసీకి ఆ కబురు చేరినట్టు కాదని ఆవిడకు చెప్పు. రిమోట్ చెప్పడమే గానీ వినదు.

రిలే మార్చాక ఎలా చూసుకోవాలంటే, 26లో పెట్టి తలుపు వేసి, ఔట్‌డోర్ ఆగే దాకా కూర్చో. ఆగాక ఇండోర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, అది సహజమే. మళ్లీ మొదలయ్యే వరకు ఉండి, ఈసారి రిమోట్‌తో ఆపి బాల్కనీలోకి వెళ్లి చెవి పెట్టి విను. ఇలా మూడుసార్లు సరిగ్గా ఆగాకే మెకానిక్‌కి డబ్బు ఇవ్వు. ఎంసీబీ దించిన ప్రతిసారీ మళ్లీ ఎత్తడానికి కనీసం మూడు నిమిషాలు ఆగాలి, లోపలి ఒత్తిడి సర్దుకోకముందే మొదలుపెడితే ఆ లాగుడు కొత్త రిలే మీదే పడుతుంది. స్టెబిలైజర్ కూడా వోల్టేజీ పడిపోయినప్పుడు కట్ చేస్తోందో లేదో అతనితోనే చూపించు.

ఔట్‌డోర్ పక్కన అతికించిన వివరాల రేకు ఫొటో, తీసిన పాత రిలే ఫొటో నాకు పంపు. దాని మీద ఆంపియర్లు రాసి ఉంటాయి, కొత్తది సరైనదో కాదో చూసి చెబుతాను. మెకానిక్ వచ్చే దాకా పిల్లల్ని అత్తగారి గదిలో పడుకోబెట్టు, పడకగది ఎంసీబీ మీద ఎత్తవద్దని ఒక కాగితం అంటించు.

ఆశీస్సులతో,
మీ మావయ్య