నువ్వుల నూనె ఒకటే కొని తలకీ, వంటకీ వాడొచ్చా?

తిరుపతికి కొత్తగా వచ్చామని, గానుగ నువ్వుల నూనె ఒకటే తెచ్చుకుని తలకి, పాప ఒంటికి, వంటకి వాడొచ్చా అని అడిగారు. నిక్షేపంగా వాడొచ్చు. మా ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచీ అలాగే వాడుతున్నాం. కాకపోతే జాగ్రత్తంతా కొనే దగ్గరే ఉంది.

ఈ ఊళ్లో చాలా కొట్లలో దీపం నూనె, తినే నూనె పక్కపక్కనే పెడతారు. సీసా, రంగు, పైన నువ్వుల బొమ్మ అన్నీ ఒకేలా ఉంటాయి. దీపం నూనె ధర తక్కువ కాబట్టి చెయ్యి అటే పోతుంది. సీసా వెనక్కి తిప్పి చూడండి. 'దీపారాధనకు మాత్రమే' అని ఉంటే అది వంటకే కాదు, తలకీ వద్దు. అందులో ఏ నూనెలు, ఏ సెంటు కలిపారో మనకు తెలియదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉన్న తినే నూనే తీసుకోండి.

ధర కూడా చాలా చెప్తుంది. నువ్వుల బరువులో నూనె సుమారు సగమే, గానుగలో అదీ పూర్తిగా దిగదు. అంటే లీటరు నూనెకి 2 కిలోల పైనే నువ్వులు పడతాయి. ఆ 2 కిలోల ఖరీదు కంటే తక్కువకే లీటరు ఇస్తామంటే నేనైతే కొనను. ఇంటికి తెచ్చాక కొంచెం గిన్నెలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. నువ్వుల నూనె గడ్డకట్టదు. తెల్లగా పేరుకుందంటే పామాయిల్ లాంటిదేదో కలిసిందని అనుమానించాల్సిందే. గానుగలో బెల్లం వేసి ఆడతారు కాబట్టి కాస్త తియ్యటి వాసన వస్తే భయపడకండి.

వంటలో దీని రుచి తెలియాలంటే పులిహోర చెయ్యండి. చింతపండు గుజ్జు నువ్వుల నూనెలో సన్న సెగ మీద నూనె పైకి తేలేదాకా ఉడకాలి, ఆ కమ్మదనం ఇంకే నూనెతోనూ రాదు. ఇడ్లీ కారప్పొడిలోకి పచ్చిదే పోసుకోండి. వంకాయ పులుసుకి, ఆవకాయకి కూడా ఇదే. ఇందులో సహజంగా ఉండే సెసమాల్ లాంటి పదార్థాల వల్ల తొందరగా కంపు కొట్టదు, ఊరగాయల్లో పెద్దలు దీన్ని వదలకపోవడానికి అదీ ఒక కారణం. వడలకి, మురుకులకి మాత్రం వద్దు. బాగా మరిగిస్తే పొగ వస్తుంది, ఖర్చూ ఎక్కువ. వాటికి మన చిత్తూరు వైపు శెనక్కాయల నూనె ఉండనే ఉంది.

తలకైతే గోరువెచ్చగా చేసి పట్టించి, అరగంట ఉంచి, సీకాయతో రుద్దుకుంటే చాలు. వెంట్రుకలు మెత్తబడతాయి, చిక్కు తేలిగ్గా వస్తుంది. ఊడిన జుట్టు మళ్లీ మొలుస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. చుండ్రు ఉంటే రాత్రంతా నూనె ఉంచకండి, చుండ్రుకి కారణమయ్యే ఫంగస్‌కి ఆ జిడ్డే తిండి. మొటిమలున్న మొహానికీ వద్దు. పగిలిన మడమలకి, చలికాలం పొడిబారిన కాళ్లకి బాగా పనిచేస్తుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వచ్చిన రాత్రి పిక్కలకి వెచ్చగా రాసి మర్దనా చేసుకుంటే నాకు ఎంతో హాయిగా ఉంటుంది. రాసుకున్నాక బాత్రూంలో అడుగు చూసుకుని వెయ్యండి.

సూపర్ మార్కెట్లో చైనీస్ వంటలకని అమ్మే ముదురు రంగు నువ్వుల నూనె వేరు. అది వేయించిన నువ్వులది, తలకి పనికిరాదు.

పాప విషయానికొస్తే, కొందరికి నువ్వులు పడవు. ముందు మోచేతి దగ్గర ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి. దద్దుర్లు, ఎరుపు ఏమీ రాకపోతే స్నానానికి ముందు ఒంటికి పల్చగా రాయొచ్చు. పెద్దవాళ్లు ఎంత చెప్పినా చెవుల్లో, ముక్కులో మాత్రం నూనె చుక్కలు వెయ్యకండి.