లూపస్ తేలాక ఏఎన్‌ఏ ఎన్ని నెలలకోసారి చేయించాలి?

మీ చెల్లెలికి కొత్తగా లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటిమీదే తిరగబడే జబ్బు) తేలింది, ఏఎన్‌ఏ (సొంత కణాల కేంద్రకాల మీద తయారయ్యే యాంటీబాడీల పరీక్ష) 1:640, సీ3 52, సీ4 6 (రెండూ తక్కువే), వాపును చూపే పరీక్షల్లో ఈఎస్‌ఆర్ 78 (ఎక్కువ), సీఆర్‌పీ మామూలే అన్నారు. మూడు నెలలకోసారి ఏఎన్‌ఏ చేయించాలా అన్నది మీ ప్రశ్న.

అక్కర్లేదండీ. ఏఎన్‌ఏ పని గుమ్మం దాకానే, అంటే జబ్బును గుర్తించేదాకానే. లూపస్‌కు 2019 నాటి వర్గీకరణలో పాయింట్ల లెక్క మొదలుపెట్టడానికి ఏఎన్‌ఏ కనీసం 1:80 ఉండాలి, అంతే. జబ్బు నెమ్మదించినా అది చాలామందిలో అలాగే ఉంటుంది. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ తక్కువ టైటర్‌లో (రక్తాన్ని ఎంత పలచన చేసినా ఇంకా కనపడుతుందో చెప్పే అంకె అది) కనపడుతుంది. ఆ డబ్బేదో మూత్రం పరీక్షకు పెట్టండి.

చూసుకుంటూ ఉండాల్సినవి సీ3, సీ4 (కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్లు), యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ (సొంత డీఎన్‌ఏ మీద తయారయ్యే యాంటీబాడీ). యాంటీబాడీలు డీఎన్‌ఏ ముక్కలతో కలిసి ముద్దకట్టి కిడ్నీ వడపోతల్లో పేరుకుంటాయి. అక్కడ కాంప్లిమెంట్ ఖర్చవుతుంది కాబట్టే రక్తంలో సీ3, సీ4 పడిపోతాయి. ఇవి తగ్గుతూ డీఎస్‌డీఎన్‌ఏ పెరుగుతుంటే కీళ్లు నొప్పి లేకపోయినా కిడ్నీని అనుమానించాలి. అలాగని అంకెలు చూసి మాత్రమే స్టెరాయిడ్ పెంచరు. కొందరికి ఏళ్ల తరబడి ఆ అంకెలు అలాగే ఉంటాయి, ఒంట్లో ఏ ఇబ్బందీ ఉండదు. డీఎస్‌డీఎన్‌ఏ మాత్రం ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. కిట్ మారితే అంకె మారుతుంది, ఉత్త కంగారు.

లూపస్ కిడ్నీ నొప్పి పెట్టదు, అదే దానితో చిక్కు. మూత్రంలో నురుగు నిమిషాలు గడిచినా చెదరకపోవడం, పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, బీపీ పెరగడం, ఇవే ఆనవాళ్లు. పొద్దున మొదటి మూత్రంతో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి; 0.5 దాటి నిలిస్తే కిడ్నీ బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చూడటం) మాట వస్తుంది. నెలసరి రోజుల్లో శాంపిల్ ఇవ్వొద్దు.

ఈఎస్‌ఆర్ ఎక్కువ, సీఆర్‌పీ మామూలు అన్నది లూపస్‌లో తరచూ కనపడే జోడీయే. జ్వరంతోపాటు సీఆర్‌పీ బాగా ఎగబాకితే ముందు ఇన్ఫెక్షన్ వెతకాలి. ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చినా అది పెరుగుతుందనుకోండి.

మొహం మీది ఎరుపును వెలుతురులో చూడండి. ముక్కు పక్కనుంచి పెదవి మూలకు దిగే మడతను లూపస్ సాధారణంగా వదిలేస్తుంది. మడతలోనే జిడ్డుగా పొలుసులు రాలుతుంటే అది చాలావరకు సెబోరిక్ డెర్మటైటిస్ (చుండ్రు లాంటి చర్మ సమస్య).

రక్తం గడ్డకట్టే ముప్పును చూపే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు మూడూ (లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా2 గ్లైకోప్రొటీన్) ఒకసారి చేయించండి. పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్లీ. రక్తం పలచబడే మందు వాడుతుంటే శాంపిల్ ఇచ్చేముందే ల్యాబ్‌వాళ్లకు చెప్పండి, లేకపోతే లూపస్ యాంటీకోయాగులెంట్ ఫలితం తప్పొస్తుంది.