రాడార్ గదిలో ఎన్ని ‘గుర్తించడాలు’?

ప్రశ్న: 1940లో బ్రిటన్ మీద జర్మన్ విమానాలు దాడి చేసినప్పటి సంగతులతో పిల్లలకు ఒక పుస్తకం రాస్తున్నాను. ఒకే పేజీలో ‘రాడార్ శత్రు విమానాలను గుర్తించింది’, ‘కంట్రోల్ రూమ్‌లో అమ్మాయిలు వాటిని పటం మీద గుర్తించారు’, ‘అవి ఎవరివో అధికారులు గుర్తించారు’ అని మూడుసార్లు వచ్చింది. ‘గుర్తించడం’ అంటే పోల్చుకోవడమే కాబట్టి రెండోది తప్పు అని మా ఎడిటర్ అంటున్నారు. నిజమేనా? ప్లాటింగ్‌కీ ట్రాకింగ్‌కీ తెలుగులో ఏం రాయాలి?

జవాబు: మీ ఎడిటర్‌గారు ఏది తప్పన్నారో, నా లెక్కన మూడింటిలోకీ అదే అచ్చమైన వాడుక. ప్రేమ నుంచి ప్రేమించు వచ్చినట్టే గుర్తు నుంచి గుర్తించు వచ్చింది, అంటే గుర్తు పెట్టడం. పదో తరగతి సోషల్ పేపర్ రాసిన వాళ్లెవరికీ ఇది కొత్త కాదు. ‘భారతదేశ పటంలో ఈ క్రింది వాటిని గుర్తించుము’ అంటే గోదావరిని చూసి పోల్చుకుని ఊరుకుంటే మార్కులు పడవు కదా, పెన్సిల్‌తో గీయాలి. పోల్చుకోవడం అనే అర్థం కూడా తప్పేమీ కాదు, ఇప్పుడు పత్రికల్లో ఎక్కువగా నడుస్తున్నది అదే. చిక్కల్లా ఒకే మాటకు నాలుగైదు పనులు అప్పజెప్పడం దగ్గర వచ్చింది. దొంగను గుర్తిస్తారు, లోపాన్ని గుర్తిస్తారు, స్కూలుకు గుర్తింపు ఇస్తారు, చివరికి రాడార్ కూడా గుర్తిస్తుంది.

మీరు రాస్తున్న చోట మాత్రం ఈ కలగాపులగం పనికిరాదు. ఎందుకంటే అక్కడ ఆ మూడూ మూడు వేరు వేరు పనులు, చేసేవాళ్లూ వేరు. ఇంగ్లాండ్ తీరం వెంట ‘చైన్ హోమ్’ అనే రాడార్ కేంద్రాలు ఉండేవి. వాటి తెర మీద కనిపించేది విమానం బొమ్మ కాదు, ఒక గీతలో చిన్న ఒంపు. అది ఎంత దూరంలో ఉందో బాగానే తెలిసేది, ఏ దిక్కున ఉందో చెప్పడంలో తేడాలు వచ్చేవి, ఎవరిదో చాలాసార్లు తెలిసేది కాదు. అందుకే ఇక్కడ నేనైతే ‘పసిగట్టింది’ అని రాస్తాను. వాసన పట్టి తెలుసుకోవడం ఆ మాటలోని అర్థం. ఏదో వస్తోందని తెలుస్తుంది, ఏమిటో ఇంకా తెలియదు, ఆ రాడార్ చేసింది సరిగ్గా అదే. ‘కనిపెట్టింది’ అన్నా ఫరవాలేదు గానీ పిల్లలు రాడార్‌ను కనిపెట్టిన వాళ్ల గురించి కూడా చదువుతారు కాబట్టి గందరగోళం.

ఆ కబురు ఫోన్లో లండన్ శివారులోని బెంట్లీ ప్రయరీకి, అక్కడి ఫిల్టర్ రూమ్‌కి వెళ్లేది. గళ్లు గీసిన పెద్ద పటం బల్ల మీద పరిచి ఉంటుంది, చుట్టూ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మహిళా సహాయక వైమానిక దళం అమ్మాయిలు. కేంద్రం నుంచి అంకెలు వినపడగానే పటంలో ఆ చోట ఒక బిళ్ల పెట్టడం వాళ్ల పని. ఇదే ప్లాటింగ్. ఫైటర్ విమానాలకు ఆదేశాలిచ్చే ఆపరేషన్స్ రూముల్లో అయితే గోడ గడియారం ముఖాన్ని అయిదేసి నిమిషాల ముక్కలుగా ఎరుపు, పసుపు, నీలం రంగులు వేసి ఉంచేవారు. ముల్లు ఏ రంగు మీద ఉంటే బల్ల మీద ఆ రంగు గుర్తే పెట్టాలి, అంటే పైన నిలబడి చూసే అధికారికి ఏది తాజా కబురో ఏది పాతబడిందో రంగును బట్టే తెలిసిపోతుంది. దీనికి ‘పటం మీద గుర్తులు పెట్టారు’ అనండి చాలు. ‘ప్లాట్ చేశారు’ అని వదిలేస్తే మన హైదరాబాద్ పిల్లలకు వెంచర్లో రెండు వందల గజాలు గుర్తొస్తాయి.

ఇక మూడోది, ‘గుర్తుపట్టడం’. దీన్ని విడదీయకపోతే మీ పుస్తకంలో అసలు కథే చెప్పలేరు. యుద్ధం మొదలైన మూడు రోజులకే, 1939 సెప్టెంబర్ 6న, తమ విమానాలనే శత్రు విమానాలుగా లెక్కగట్టి స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ ఫైటర్ విమానాలు, హరికేన్ అనే బ్రిటిష్ ఫైటర్లను రెండింటిని కూల్చేశాయి, ఒక పైలట్ చనిపోయాడు. గుర్తులు పెట్టారు గానీ గుర్తుపట్టలేదు! ఈ వాక్యాన్ని ‘గుర్తించారు గానీ గుర్తించలేదు’ అని రాసి చూడండి, ఏమైనా అర్థమవుతుందా? 1941 డిసెంబర్ 7న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ దగ్గర ఇది తిరగబడింది. 130 మైళ్లకు పైగా దూరం నుంచే జపాన్ విమానాలను రాడార్ పసిగట్టింది, ఆపరేటర్లు కబురూ అందించారు, కాలిఫోర్నియా నుంచి వస్తున్న మన బాంబర్లేలే అనుకుని అవతలి అధికారి వదిలేశాడు. బ్రిటన్ బల్లల మీదైతే ఎవరివో తేలని గుంపుకు ఎక్స్ అనీ, శత్రువులవని తేలాక హెచ్ అనీ అక్షరం ఉండేది. కాబట్టి అక్కడ ‘తేల్చారు’ అన్న క్రియ కూడా చక్కగా కుదురుతుంది.

ట్రాకింగ్‌కి ‘వెంబడించడం’ అని కొందరు రాస్తున్నారు, దయచేసి వద్దు. రాడార్ కదలదు, వెంటపడేది ఫైటర్ విమానం. ‘ఆచూకీ’ తప్పిపోయిన వాళ్లకు. ‘జాడ’ అనేదే నాకు నచ్చుతుంది: ఒక బిళ్ల పెడితే ఉనికి తెలుస్తుంది, వరసగా నాలుగు పెడితే జాడ ఏర్పడుతుంది. ఫిల్టర్ రూమ్‌లో అధికారులు చేసింది కూడా ఇదే. ఒకే గుంపును రెండు కేంద్రాలు రెండు చోట్ల చూపిస్తే, దూరాలను పోల్చి, ఇవి రెండూ ఒకటేనని నిర్ణయించి ఒక్క జాడ నిలబెట్టేవారు. ‘వడపోత గది’ అని ఒకసారి అర్థం చెప్పి, ఆ తర్వాత ఫిల్టర్ రూమ్ అనే వాడుకోండి, ప్రతిచోటా వడపోత అంటే పిల్లలు కాఫీ అనుకుంటారు.

జర్మన్ విమానాలు తీరం దాటి లోపలికి వచ్చాక మాత్రం పసిగట్టడం అనకండి. ఆ రాడార్లు సముద్రం వైపే చూసేవి, నేల మీదికి వచ్చాక ఆకాశాన్ని కాపుకాసే అబ్జర్వర్ కోర్ అనే దళం వాళ్లు కళ్లతో చూసి, మబ్బు పడితే చెవులతో విని ఫోన్ చేసేవాళ్లు. అక్కడ ‘చూశారు’, ‘విన్నారు’ అంటే సరిపోతుంది.