'ప్రధాన' సంఖ్య ఎవరికి ప్రధానం?

ప్రశ్న: అయ్యా, 'అతిపెద్ద ప్రధాన సంఖ్య దొరికింది' అని వార్త చదివి వినిపిస్తే, ఏడో తరగతి చదివే మా మనుమడు "అది ఎవరికి ప్రధానం తాతా?" అని అడిగిండు. జవాబు చెప్పలేకపోయాను. హిందీవాళ్ళలాగా 'అభాజ్య సంఖ్య' అంటే పోదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మనుమడికి నా ఆశీస్సులు. 'ప్రధానం' అంటే ముఖ్యం అని ఒక్కటే అర్థం పెట్టుకోవడంతో వచ్చిన చిక్కు ఇది. ప్ర అంటే ముందు, ధా అంటే ఉంచడం. ముందు ఉన్నదే ప్రధానం. సాంఖ్య దర్శనం వాళ్ళు మూలప్రకృతిని 'ప్రధానం' అన్నారు, జగత్తంతా అందులోంచే పుట్టిందని. ఒకటితో, తమతో తప్ప ఇంకే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగం పోని 2, 3, 5, 7 కూడా అంతే. ఒకటి దాటిన మిగతా సంఖ్యలన్నీ వీటి గుణకారంలోంచి పుట్టేవే. అభాజ్యం, అంటే భాగించరానిది, తప్పు కాదు గానీ, ఏడును ఏడుతో భాగిస్తే పోతుంది కదా అని రేపు మీవాడే అడుగుతాడు.

నాకు గుచ్చుకున్నది 'అతిపెద్ద'. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ రెండువేల యేళ్ళ కిందటే తేల్చాడు. 'ఇప్పటిదాకా తెలిసినవాటిలో' అని రాయడానికి అంత బద్ధకమా? పైగా ఒకచోట '4 కోట్ల సంఖ్యలున్న అంకె' అని చదివాను! సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, వాటితో రాసేది సంఖ్య. 2024 అక్టోబరులో లూక్ డ్యురాంట్ కనిపెట్టిన ఆ సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. ఒకటిని 13,62,79,841 సార్లు రెట్టించి, చివర ఒకటి తీసేస్తే అది వస్తుంది.

రెట్టింపు అనగానే నాకు పావులూరి మల్లన గుర్తొస్తాడు. (ఓరుగల్లులో ఉండి పోతనను వదిలిపెడతావా అనకండి, లెక్కల్లో మాత్రం మల్లనే.) మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు చేసిన కవి. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇట్లా 64 గళ్ళు నింపితే మొత్తం ఎంతో చంపకమాలలో చెప్పాడు:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు: మన్మథుడి శరాలు 5, శశి 1, ఆకాశం సున్నా, దిగ్గజాలు 8. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. నిన్న రాత్రి ఒక పెండ్లిపత్రిక వెనుక పెన్సిలుతో మాటకొక అంకె వేసుకుంటూ పోయాను: 18446744073709551615. ఇరవైకి ఇరవై సరిపోయాయి!

ఒకటిని 64 సార్లు రెట్టించి ఒకటి తీసేసినా ఇదే వస్తుంది. మరి ఇది ప్రధాన సంఖ్యేనా? పద్యంలో మొదటి మాటే చెప్పేస్తుంది. 'శర' అంటే ఒకట్ల స్థానంలో 5, అంటే అయిదుతో పోతుంది. అసలు గళ్ళ లెక్క (ఇక్కడ 64) ప్రధానం కాకపోతే గింజల మొత్తం కూడా ప్రధానం కాదు. గళ్ళ లెక్క ప్రధానమైతే మొత్తం ప్రధానం కావచ్చు, కాకపోవచ్చు: 11 గళ్ళకు వచ్చే 2047, 23ను 89తో గుణిస్తే వచ్చేదే. 31 గళ్ళకు వచ్చే 2147483647 మాత్రం ప్రధానమేనని 1772లో గణితజ్ఞుడు ఆయిలర్ చూపించాడు.

బడి పుస్తకాల్లో ఉన్న 'ప్రధాన సంఖ్య'నే ఉంచుకుందాం. 'ప్రధానాంకం' నాకంత రుచించదు. మీరు అభాజ్యమే అంటే తగవుకు రాను. మీ మనుమడి కోసం 31 గళ్ళ మొత్తాన్ని మల్లన బాణీలో కూర్చాను: గిరి, వేద, తర్క, అగ్ని, కుంజర, అబ్ధి, నగ, వేద, శశి, నేత్ర. అంకెలు కుదిరాయి, గణాలే ఇంకా కుదరలేదు.