ఎన్నికల వేళ చర్చి సంఘం సెక్రటరీ అయిన మేనల్లుడికి

ప్రియమైన అల్లుడికి, మామయ్య వందనాలు.

నిన్ను మీ చర్చి సంఘానికి సెక్రటరీగా ఎన్నుకున్నారని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఆ వెంటనే ఎన్నికలు దగ్గర పడుతున్నాయని గుర్తొచ్చి కొంచెం టెన్షన్ కూడా పట్టుకుంది. ఆ బాధ్యత నేను పదకొండేళ్లు మోశాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. అప్పట్లో మా గుడి, అంటే మా చర్చి, పైకప్పు కారుతుండేది. ఎన్నికల ముందు ఒక అభ్యర్థి వచ్చి రేకులు వేయిస్తానన్నాడు. వానాకాలం ముంచుకొస్తోంది, కమిటీలో అందరం సరేనన్నాం. ఆదివారం ఆరాధన మధ్యలో ఆయన చేతికి మైకు ఇచ్చింది నేనే. ఐదు నిమిషాలు మాట్లాడాడు, ఓటు అనే మాట కూడా ఎత్తలేదు. కానీ అవతలి పార్టీలో తిరిగే కుటుంబాలు నాలుగు వెనక కూర్చుని ఉన్నాయి. పై వారం ప్రభురాత్రి భోజన సంస్కారానికి వాళ్లు రాలేదు. తర్వాత వేరే ఇంట్లో కూడిక పెట్టుకున్నారు. వాళ్లలో ఒకావిడ నాకు సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టించిన మనిషి. ఆవిడ పోయినప్పుడు సమాధుల దొడ్డిలో జనం వెనక పరాయివాడిలా నిలబడ్డాను. ఆవిడతో సమాధానపడకుండానే సాగనంపాను.

కాబట్టి అభ్యర్థి ఎవరొచ్చినా గుమ్మంలో ఆపకు. కండువా తీసి లోపలికి రమ్మని మర్యాదగా చెప్పు, అందరితోపాటు కూర్చోబెట్టు. ప్రార్థన కావాలంటే పాస్టరుగారు చేస్తారు. మైకు మాత్రం ఇవ్వొద్దు. కానుక ఇస్తానంటే "ఎన్నికలయ్యాక మాట్లాడదామండీ" అను. గెలిచినా ఓడినా అప్పుడు కూడా ఇస్తానంటే సంతోషంగా తీసుకో. ఇందులో చట్టం కూడా ఉంది. మతసంస్థలను దుర్వినియోగం చేయకుండా 1988లో కేంద్రం ఒక చట్టం తెచ్చింది. గుడైనా, మసీదైనా, చర్చి అయినా ఆవరణను రాజకీయ పనులకు వాడనిస్తే నిర్వహించేవాళ్లే శిక్షకు గురవుతారు. ఆ కాగితం ప్రింటు తీసి కమిటీ ముందు పెట్టు. ఇక నువ్వు మొహమాటపడే పని ఉండదు.

నీకు ఒక పార్టీ అంటే అభిమానమని నాకు తెలుసు. ఉండనీ. ఓటు వెయ్యి, బయట వాదించుకో. శ్మశానానికి స్థలం అడగాలన్నా, రోడ్డు అడగాలన్నా ముందు నిలబడు. అయితే సంఘం వాట్సాప్ గ్రూపులో మాత్రం నీ పార్టీ పోస్టు ఒక్కటి కూడా కనపడకూడదు. నువ్వు పెడితే అది సెక్రటరీ మాట అవుతుంది. ప్రభువు పిలుచుకున్న పన్నెండుమందిలో మత్తయి సుంకరి, రోమా పాలన కింద పన్ను వసూలు చేసినవాడు. అదే గుంపులో జెలోతే అని పేరున్న సీమోనూ ఉన్నాడు. ఆ పేరుకు అర్థం ఆసక్తితో రగిలేవాడని. బయట ఎదురుపడితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారో లేదో తెలియని ఇద్దరినీ ఆయన ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. నీ పని కూడా ఆ బల్లను కాపాడటమే.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారి సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను. తిరునల్వేలి వైపు నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని మన మధ్య పనిచేసిన మనిషి. 1912లో, ఇంగ్లండు చర్చి పద్ధతి పాటించే ఆంగ్లికన్ సంఘంలో, మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1930ల్లో క్రైస్తవులకు విడిగా నియోజకవర్గాలు ఇస్తామంటే మనకు లాభమేగా అని చాలామంది అనుకున్నారు. ఆయన వద్దన్నారు. అన్ని కులాల నుంచీ వచ్చినవాళ్లతో పెరిగే సంఘాన్ని ఓట్ల లెక్కలో ఇంకో కులంలా కట్టేయడం ఆయనకు నచ్చలేదు. "మన క్రైస్తవుల ఓట్లన్నీ గంపగుత్తగా మాకే వేయించండి" అని ఎవరైనా నీ దగ్గరికొస్తే ఆయన్ని తలుచుకో.

మీ ఊళ్లో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్), లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు అని నాలుగు గుడులున్నాయి. ఆరు నెలల్లో అందరినీ కలిపేస్తానని బయలుదేరకు. 1919లో తరంగంబాడిలో అజరయ్య గారితో కలిసి కొందరు పాస్టర్లు సంఘాలన్నీ ఒకటి కావాలని పిలుపిచ్చారు. వాటిలో కొన్ని కలిసి దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, ఏర్పడేసరికి 1947 సెప్టెంబరు 27 వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు! అజరయ్య గారు 1945లోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. బిషప్ చేతులుంచి అభిషేకించని పాస్టరును ఒప్పుకోవాలా వద్దా అన్న చోటే బండి ఆగిపోయింది. చివరికి, అప్పటికే సేవలో ఉన్నవాళ్లను మళ్లీ అభిషేకించకుండా ఉన్నవాళ్లను ఉన్నట్టే ఒప్పుకున్నారు. నువ్వూ అక్కడే మొదలుపెట్టు. వాళ్ల బాప్తిస్మం ముందా మనది ముందా అన్న చర్చలోకి దిగకు. వాళ్ల పాస్టరుగారికి జ్వరమొస్తే చూడటానికి వెళ్లు, సెమీ క్రిస్మస్‌కి పిలువు.

రామాలయం వీధివాళ్లూ మనవాళ్లే. వాళ్ల దేవుణ్ణి తక్కువచేసే మాట మన మైకులో ఒక్కటి కూడా రాకూడదు. వచ్చే బోధకుడికి ముందే చెప్పు. వాళ్లింట్లో చావు జరిగితే పాడె దగ్గర మనవాళ్లు ఉండాలి.

ఇంకో సంగతి, రాయడానికి కష్టంగా ఉంది. మన గుడిలో మాల వరస, మాదిగ వరస అని ఎవరూ పైకి అనరు. ఎవరెక్కడ కూర్చుంటారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పార్టీలవాళ్లకి ఇంకా బాగా తెలుసు. వాళ్లు వచ్చి దూరేది ఆ సందులోంచే. ప్రసంగాలతో అది పోదు, నేను చూశాను. ప్రేమవిందుకి వంట ఒక పల్లెవాళ్లు, వడ్డన ఒక పల్లెవాళ్లు అని పంచకు. ప్రతి పొయ్యి దగ్గరా ఇద్దరూ ఉండాలి. కానుకలు లెక్కపెట్టడానికీ అలాగే కూర్చోబెట్టు.

వచ్చే నెల మొదటి ఆదివారం సంస్కారానికి మీ అత్తా నేనూ వస్తున్నాం. విడిపోయిన ఆ నాలుగిళ్లలో ఒకరి కొడుకు ఇప్పుడు మీ ఊళ్లోనే పనిచేస్తున్నాడట. శనివారం సాయంత్రం నన్ను వాళ్లింటికి తీసుకెళ్లు. నేను వస్తున్నానని ముందే చెప్పి పెట్టు.

మీ మామయ్య